పేరు పెట్టి పిలిచిన గొంతు: హోవార్డ్ కోసెల్

(జర్నలిజం విద్యార్థుల ముందు ఒక స్పోర్ట్స్ డెస్క్ ఉద్యోగి చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు మిమ్మల్ని ఒక ఊరికి తీసుకెళ్తాను. 1973 జనవరి 22, జమైకా రాజధాని కింగ్‌స్టన్. నేషనల్ స్టేడియంలో హెవీవెయిట్ ప్రపంచ టైటిల్ పోరు జరుగుతోంది. ఛాంపియన్ జో ఫ్రేజియర్. ప్రొఫెషనల్‌గా అప్పటిదాకా ఓటమి ఎరగడు. రెండేళ్ల కిందటే మహమ్మద్ అలీని ఓడించాడు. ఎదురుగా 24 ఏళ్ల జార్జ్ ఫోర్‌మన్. మొదటి రౌండ్ ఇంకా పూర్తికాలేదు, ఫ్రేజియర్ కింద పడ్డాడు. రింగ్ పక్కన అమెరికా ప్రసార సంస్థ ఏబీసీ టీవీ మైకు ముందు కూర్చున్న మనిషి గొంతు పైకి లేచింది. "డౌన్ గోజ్ ఫ్రేజియర్! డౌన్ గోజ్ ఫ్రేజియర్! డౌన్ గోజ్ ఫ్రేజియర్!"

అంతే. మూడు ముక్కల వాక్యం, మూడుసార్లు. బాక్సింగ్ ముఖం చూడని అమెరికావాళ్లకు కూడా ఈ మాట తెలుసు. ఎందుకు నిలిచిపోయింది? చాలా ఏళ్లు నేను దీని గురించే ఆలోచించాను. ఇంగ్లీషులో మామూలుగా మనిషి పేరు ముందొస్తుంది, వాడేం చేశాడో తర్వాత వస్తుంది. ఈయన దాన్ని తిరగేశాడు. పడటం ముందు, పేరు తర్వాత. కన్ను చూసిన వరసలోనే నోరు పలికింది. ఇది మనకు కొత్తేం కాదు. వ్యాకరణం ప్రకారం తెలుగులో క్రియ చివర రావాలి, "వాడు పడ్డాడు" అనాలి. కానీ ఊళ్లో కబడ్డీ ఆడేచోట గట్టు మీద కూర్చున్న పిల్లాడు ఏమంటాడు? "పడ్డాడ్రా వాడు!" అంటాడు. క్రియే ముందు దూకుతుంది. మంచి కామెంటరీ అంటే నా దృష్టిలో ఆ పిల్లాడి వాక్యం.

ఆ రోజు ఫ్రేజియర్ రెండు రౌండ్లు పూర్తికాకుండానే ఆరుసార్లు పడ్డాడు. రెఫరీ ఆట ఆపేశాడు. ఆ గొంతు హోవార్డ్ కోసెల్‌ది. ఈ రోజు ఆయన గురించే మాట్లాడతాను. పొగడటానికి రాలేదు. ఆయనలో నాకు నచ్చనివీ ఉన్నాయి, అవీ చెబుతాను. కానీ తెలుగు పత్రిక స్పోర్ట్స్ డెస్క్‌లో 27 ఏళ్లు కూర్చున్నవాణ్ణి, నా వృత్తి గురించి నాకు ఎక్కువ నేర్పింది మాత్రం ఎన్నడూ కలవని ఈ మనిషే.

ఆయన 1918 మార్చి 25న నార్త్ కరొలినాలోని విన్‌స్టన్-సేలంలో పుట్టాడు. యూదుల కుటుంబం. పెరిగింది న్యూయార్క్‌లోని బ్రూక్లిన్. పుట్టినప్పుడు పెట్టిన పేరు హోవార్డ్ విలియం కోహెన్. లా చదివే రోజుల్లో ఇంటిపేరు కోసెల్ అని మార్చుకున్నాడు. పోలండ్ నుంచి వచ్చిన తాతగారి అసలు ఇంటిపేరు దానికి దగ్గరగా ఉండేదని, ఆ గౌరవం కోసమే మార్చుకున్నానని చెప్పేవాడు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

న్యూయార్క్ యూనివర్సిటీలో లా డిగ్రీ, రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో మేజర్ హోదా, యుద్ధం అయ్యాక వకీలు పని. పిల్లల బేస్‌బాల్ లీగ్‌కు న్యాయ సలహాలిచ్చే పని చూస్తుండగా 1953లో ఏబీసీ రేడియోవాళ్లు పిలిచారు. ఆ పిల్లలతో ఒక కార్యక్రమం చేయమన్నారు. చేశాడు. దాదాపు మూడేళ్లు పైసా తీసుకోకుండా చేశాడు. తర్వాత వకీలు పని వదిలేసి పూర్తిగా మైకు పట్టుకున్నాడు. అప్పటికి వయసు 38. పెళ్లాం పిల్లలున్న ఇల్లు, నడుస్తున్న ప్రాక్టీసు. బరువైన టేప్ రికార్డర్ భుజాన వేసుకుని ఆటగాళ్ల వెంట, లాకర్ రూముల వెంట తిరిగేవాడు. మీలో ఎవరికైనా ఇరవై మూడేళ్లకే ఆలస్యమైపోయిందని టెన్షన్ ఉంటే ఈ సంగతి ఒకసారి తలుచుకోండి.

గొంతు బాగుండేది కాదు. ముక్కుతో మాట్లాడినట్టుండేది. బ్రూక్లిన్ యాస. ఒక్కో అక్షరాన్ని విడగొట్టి, కోర్టులో వాదించినట్టు మాట్లాడేవాడు. బట్టతల మీద విగ్గు. పెద్ద పెద్ద పదాలు. టీవీకి ఇలాంటివాడు పనికిరాడని ఏబీసీలోనే అనుకున్నారు. చాన్నాళ్లు రేడియోలోనే ఉండిపోయాడు. 1959లో ఫ్లాయిడ్ ప్యాటర్సన్, స్వీడన్‌కు చెందిన ఇంగెమార్ యోహాన్సన్ మధ్య టైటిల్ పోరు ఆయన రేడియోలో పనిచేసిన పెద్ద బాక్సింగ్ ఘట్టం. మూడో రౌండ్‌లో ప్యాటర్సన్ ఏడుసార్లు పడ్డాడు.

ఇక పేరు సంగతి. 1964 ఫిబ్రవరి 25న మయామీ బీచ్‌లో సోనీ లిస్టన్‌ను ఓడించి క్యాషియస్ క్లే ఛాంపియన్ అయ్యాడు. కొద్ది రోజుల్లోనే తన పేరు మహమ్మద్ అలీ అని, క్లే అనేది బానిస పేరని ప్రకటించాడు. పత్రికలు వినలేదు. పెద్ద పెద్ద పేపర్లు ఏళ్ల తరబడి క్లే అనే రాశాయి. మనిషి ఎదురుగా నిలబడి నా పేరు ఇది అంటుంటే, కాదు నీ పేరు అదే అన్నట్టు రాయడమన్నమాట. మొదట్నుంచీ ఆయన్ని అలీ అని పిలిచిన అతి కొద్దిమంది బ్రాడ్‌కాస్టర్లలో కోసెల్ ఒకడు. తన పేరు తనే ఎంచుకున్నవాడు ఇంకొకడి ఎంపికను కాదనలేడు కదా. ఇది నా ఊహ మాత్రమే, కానీ బలంగా నమ్ముతాను.

1966 చివర్లో ఎర్నీ టెరెల్‌తో పోరుకు ముందు అలీని, టెరెల్‌ను కోసెల్ కలిపి ఇంటర్వ్యూ చేశాడు. టెరెల్ మాటల్లో క్లే అన్నాడు. కెమెరా ముందే ఇద్దరూ తోసుకున్నారు. 1967 ఫిబ్రవరి 6న హ్యూస్టన్‌లోని ఆస్ట్రోడోమ్‌లో పోరు జరిగింది. 15 రౌండ్లు. అలీ గుద్దుతూ "నా పేరేంటి? నా పేరేంటి?" అని అడుగుతూనే ఉన్నాడు. నేను అలీ అభిమానినే. అయినా చెబుతున్నాను, ఆ పోరు చూడటం కష్టం. టెరెల్ కన్ను వాచిపోయి చూపు ఆనని స్థితిలో కూడా అది సాగింది. ఆస్ట్రోడోమ్ అన్న పేరు గుర్తుంచుకోండి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. డెస్క్‌లో చేరిన మూడో ఏడో నాలుగో ఏడో. రాష్ట్ర స్థాయి బాక్సింగ్ పోటీల ఫలితాలు రాత్రి పదకొండు దాటాక ఫోన్‌లో వచ్చాయి. లైను గరగరలాడుతోంది. పేజీ వెళ్లిపోవాలి. ఒక బరువు విభాగంలో గెలిచిన కుర్రాడి ఇంటిపేరు సరిగా వినపడలేదు. మళ్లీ అడగాల్సింది. అడగలేదు. వినపడినంత వరకు రాసి పంపేశాను. నాలుగు రోజుల తర్వాత ఆ కుర్రాడు వాళ్ల నాన్నతో ఆఫీసుకు వచ్చాడు. పదిహేడేళ్లుంటాయి. ఎడమ కంటి కింద కమిలిన గుర్తు ఇంకా పచ్చగానే ఉంది. పాలిథిన్ కవర్‌లో మడతపడకుండా పెట్టుకున్న కటింగ్ బయటకు తీసి, "సార్, ఇది నేనే. కానీ పేరు నాది కాదు" అన్నాడు. స్పోర్ట్స్ కోటా దరఖాస్తుతో పేపర్ కటింగులు జతచేయాలి. పేరు వేరేగా ఉంటే అది ఎవరిదో కటింగ్ అవుతుంది. మర్నాడు లోపలి పేజీలో రెండు లైన్ల సవరణ వేశాం. వాళ్ల నాన్న ఆ రెండు లైన్లు కూడా కత్తిరించుకుని, పాతదాని పక్కన అంటించుకుంటానని చెప్పి వెళ్లాడు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ రాత్రి ఫోన్‌లో పేరు చెబితే నేను అక్షరం అక్షరం తిరిగి చదివి వినిపిస్తాను. అవతలివాళ్లు విసుక్కున్నా సరే.

కోసెల్ దగ్గరికి వద్దాం. 1967 ఏప్రిల్ 28న, మళ్లీ హ్యూస్టన్‌లోనే, సైన్యంలో చేర్చుకునే కేంద్రంలో అలీని పాత పేరుతో పిలిచారు. ఒక అడుగు ముందుకు వేయాలి. ఆయన వేయలేదు. అదే రోజు న్యూయార్క్ రాష్ట్ర అథ్లెటిక్ కమిషన్ ఆయన లైసెన్సును సస్పెండ్ చేసింది, టైటిల్ గుర్తింపు తీసేసింది. అప్పటికి ఆయన మీద నేరారోపణ కూడా నమోదు కాలేదు. శిక్ష పడింది జూన్ 20న. అయిదేళ్ల జైలు, 10,000 డాలర్ల జరిమానా. ఆయన అప్పీలుకు వెళ్లాడు.

కోసెల్‌లోని వకీలు నిద్రలేచింది ఇక్కడే. వియత్నాం యుద్ధం గురించి అలీ అన్నది ఒప్పా తప్పా అన్న చర్చ వేరు అన్నాడు. విచారణ లేకుండా, నోటీసు లేకుండా, ఒక మనిషి బతుకుతెరువు ఎలా లాగేస్తారని అడిగాడు. రాజ్యాంగం మాట ఎత్తాడు. ఆటల కార్యక్రమంలో! దేశం సగం అలీని ద్రోహి అంటున్న రోజులవి. కోసెల్‌కు బూతులతో ఉత్తరాలు గుట్టలుగా వచ్చాయి. నల్లజాతివాళ్లను వెనకేసుకొస్తున్న యూదుడని తిడుతూ, ఈ మనిషిని టీవీ నుంచి తీసేయమని రాసేవాళ్లు. ఆయన మాట మార్చలేదు.

1970లో ఈ వ్యవహారం ఫెడరల్ కోర్టుకు వెళ్లినప్పుడు బయటపడిన ఒక లెక్క చెబుతాను. నేరాలకు శిక్ష పడినవాళ్లకు ఇదే న్యూయార్క్ కమిషన్ లైసెన్సులిచ్చిన సందర్భాలు కనీసం 244 ఉన్నాయి. దొంగతనాలవీ, దాడులవీ అన్నీ ఉన్నాయి అందులో. అలీ ఒక్కడికే లేదన్నారు. ఇది పక్షపాతమని జడ్జి తేల్చి, లైసెన్సు ఇవ్వమన్నాడు. 1971 జూన్ 28న సుప్రీంకోర్టు 8-0తో శిక్షనే కొట్టేసింది. ఈలోగా అలీ మూడున్నరేళ్లు పోగొట్టుకున్నాడు. 25 నుంచి 28. బాక్సర్‌కు ఆ వయసు మళ్లీ రాదు. ఒక స్పోర్ట్స్ రిపోర్టర్ చదవాల్సింది స్కోర్‌కార్డే అనుకునేవాళ్లకు ఈ 244 అంకె చూపిస్తుంటాను.

ఫుట్‌బాల్ గురించి ఎక్కువ చెప్పను. 1970 నుంచి 1983 దాకా సోమవారం రాత్రి ఏబీసీ ప్రసారం చేసిన అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లతో ఆయన ఇంటింటికీ తెలిసిన మనిషయ్యాడు. 1980 డిసెంబర్ 8న జాన్ లెనన్ హత్య వార్తను ఎంతోమంది అమెరికన్లు మొదట విన్నది ఆయన నోటే, మ్యాచ్ మధ్యలో.

ఇప్పుడు మచ్చ గురించి. 1977లో ఏబీసీ, ప్రమోటర్ డాన్ కింగ్‌తో కలిసి అమెరికా బాక్సర్ల కోసం ఒక పెద్ద టోర్నమెంట్ నడిపింది. మొదటి పోటీలు యుద్ధనౌక మీద, తర్వాతివి నావికా అకాడమీలో, జైలులో కూడా. చూడ్డానికి బ్రహ్మాండం. బాక్సర్లను ఎంచుకోవడానికి ఆధారం 'ద రింగ్' పత్రిక ర్యాంకులు, రికార్డులు. ఆ రికార్డుల్లో జరగని పోరాటాలు, రాని గెలుపులు ఉన్నాయి. ఫిబ్రవరి 13న, ఆ నావికా అకాడమీ ఉన్న అనాపొలిస్‌లో, స్కాట్ లెడూ అనే బాక్సర్ ఓడిపోయినట్టు ప్రకటించగానే కోపంతో కాలు విసిరాడు. ఆ తోపులాటలో కోసెల్ విగ్గు ఎగిరిపోయింది. దేశమంతా నవ్వింది. ఇప్పటికీ ఆ క్లిప్‌నే చూస్తారు. లెడూ మాత్రం అప్పుడు ఒక ముఖ్యమైన మాట అంటున్నాడు. ఫలితం ముందే ఖాయం చేశారంటున్నాడు.

ఈ గుట్టు విప్పింది కోసెల్ కాదు. ఏబీసీలోనే పనిచేసే అలెక్స్ వాలో అనే యువకుడు పోటీలు మొదలుకాకముందే రికార్డుల మీద అనుమానాలు రాసిచ్చాడు. ఆయనకు సమాచారం ఇచ్చినవాడు మాల్కం గోర్డన్. 'ఫ్లాష్' గోర్డన్ అనేవారు. సొంతంగా బాక్సింగ్ బులెటిన్ అచ్చువేసి, స్టేడియం బయట నిలబడి అమ్ముకునేవాడు. కోట్ల మంది వినే గొంతు ఆ ప్రదర్శనకు ముఖమై కూర్చుంది. గేటు బయట కాగితాలమ్ముకునేవాడు నిజం పట్టుకున్నాడు. ఏప్రిల్‌లో ఏబీసీ ఆ టోర్నమెంట్‌ను ఆపేసింది. కోసెల్ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. నిజం చెబుతానని రోజూ ప్రకటించుకునేవాడు, తన చానల్ డబ్బు పెట్టినచోట అందరికంటే ముందు అడగాల్సింది.

చివరి ఘట్టానికి వస్తున్నాను. 1982 నవంబర్ 13, లాస్ వెగాస్. రే మాన్సినీతో తలపడ్డ దక్షిణ కొరియా బాక్సర్ కిమ్ డుక్-కూ 14వ రౌండ్‌లో కుప్పకూలాడు. నాలుగు రోజులకు చనిపోయాడు. ఇలాంటి చావు ఎలా వస్తుందో మనం వార్తల్లో రాయం గాని, బాక్సింగ్ గురించి రాసేవాడు తెలుసుకుని తీరాలి. దెబ్బ తగిలినప్పుడు తల ఒక్కసారిగా తిరుగుతుంది. పుర్రె లోపల మెదడు ఆ వేగాన్ని వెంటనే అందుకోలేదు. మెదడు పైపొరకూ దాని కవచానికీ మధ్యనుండే సన్నటి రక్తనాళాలు సాగి తెగుతాయి. రక్తం చేరి మెదడును నొక్కుతుంది. బయటికి ఏమీ కనపడకపోవచ్చు. మనిషి లేచి నిలబడొచ్చు, ఇంకో రౌండ్ ఆడొచ్చు కూడా.

ఇది జరిగిన రెండు వారాలకు, నవంబర్ 26న, ఆస్ట్రోడోమ్. అవును, అదే ఆస్ట్రోడోమ్. ఛాంపియన్ లారీ హోమ్స్, ఎదురుగా ర్యాండల్ 'టెక్స్' కాబ్. కాబ్ గుండె ధైర్యానికి హద్దు లేదు, కానీ హోమ్స్ స్థాయి వేరు. హోమ్స్ ఎడమ చేతి జాబ్, అంటే చెయ్యి చాచి నేరుగా కొట్టే దెబ్బ, ముఖం మీద పడుతూనే ఉంది, వెనకే కుడి చెయ్యి. రౌండ్ తర్వాత రౌండ్ అదే. కాబ్ ఒక్కసారి కూడా కింద పడలేదు. నన్నడిగితే ఆ రాత్రి అసలు ప్రమాదం అదే. పడితే రెఫరీ లెక్కపెడతాడు, కళ్లలోకి చూస్తాడు, కొన్ని సెకన్లు ఊపిరి దొరుకుతుంది. నిలబడి తింటున్నవాడికి ఆ వెసులుబాటు ఉండదు.

మైకు ముందు 64 ఏళ్ల కోసెల్. మామూలుగా అయితే కామెంటేటర్ దగ్గర ఇలాంటి రాత్రికి మాటలు సిద్ధంగా ఉంటాయి. ఏం గుండె, ఏం తెగువ, వెన్ను చూపని వీరుడు. మన డెస్క్‌లోనూ ఉంటాయి. రక్తమోడుతున్నా పోరాడాడు అని నేనే ఎన్నిసార్లు హెడ్డింగ్ పెట్టానో. కోసెల్ ఆ మాటలు వాడలేదు. రెఫరీని నిలదీశాడు. ఎందుకు ఆపడం లేదని లైవ్‌లో అడిగాడు. తను పనిచేస్తున్న ఈ ఆటనే రద్దుచేయమని చాటే ప్రకటనను తనే తయారుచేస్తున్నానని ఈ రెఫరీకి అర్థమవుతోందా అన్న అర్థంలో మాట్లాడాడు. పోరు పూర్తిగా 15 రౌండ్లూ నడిచింది. ఆ తర్వాత ప్రొఫెషనల్ బాక్సింగ్‌కు ఇక కామెంటరీ చెప్పనని ప్రకటించాడు. చెప్పలేదు కూడా.

ఇరవై ఏళ్లకు పైగా ఆ ఆట పెట్టిన తిండి తిని, కీర్తి సంపాదించి, చివర్లో చేతులు కడుక్కున్నాడని అన్నారు. ఆ మాటలో కొంత నిజముంది, కాదనను. టెరెల్ వాచిన కన్ను ఆయనకు తెలియంది కాదు. ఆలస్యంగా మేలుకున్నాడు. అయినా ఎంతమంది మేలుకున్నారు? మర్నాడు ఇంకో కాంట్రాక్టు ఉండగానే లేచి వెళ్లిపోయినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఆ ఏడాది చివర్లోనే ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్ (డబ్ల్యూబీసీ) టైటిల్ పోరాటాలను 15 రౌండ్ల నుంచి 12కు తగ్గిస్తున్నట్టు చెప్పింది. దానికి అసలు కారణం కిమ్ మరణం. ఆ ఘనత కోసెల్‌కు కట్టబెట్టను. కానీ ప్రేక్షకుల చెవిలో ఆ ప్రశ్న వేసింది ఆయన గొంతే.

అమెచ్యూర్ బాక్సింగ్‌ను ఆయన వదల్లేదు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కామెంటరీ చెప్పాడు. ఒలింపిక్ బాక్సర్లు తలకు హెడ్‌గార్డ్ కట్టుకున్న మొదటి పోటీలవి. మూడే రౌండ్లు. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు ఆడింది కూడా ఈ మూడు రౌండ్ల ఆటే. ఆ రాత్రి మా డెస్క్‌లో పేజీ పెడుతూ ఆమె పేరు ఒకటికి మూడుసార్లు సరిచూసుకున్నాను. జరీన్‌లో దీర్ఘం ఎక్కడ ఉందో కూడా.

ఆఖరి రోజులు బాధాకరం. 1983లో ఒక నల్లజాతి ఫుట్‌బాల్ ఆటగాణ్ణి మెచ్చుకుంటూ చిన్న కోతి అనే మాట వాడాడు. పెద్ద గొడవైంది. అంతకుముందు తెల్లజాతి ఆటగాణ్ణి కూడా అదే మాటతో మెచ్చుకున్న రికార్డు ఉంది. మనసులో ఏమీ లేకపోవచ్చు. కానీ మాట ఎవరి మీద పడుతోందో, వాళ్ల చరిత్ర ఏమిటో తెలిసినవాడు, అలీ పేరుకు విలువ ఇచ్చినవాడే. ఆయనే జారాడు. 1985లో రాసిన ఆత్మకథలో తోటివాళ్లను కటువుగా తిట్టాడు. ఏబీసీ టీవీలో ఆయన కథ అంతటితో ముగిసింది. 1990లో భార్య ఎమీ పోయింది. 1944లో పెళ్లి. ఆమె లేని లోకంలో ఆయన పెద్దగా బయటికి రాలేదు. 1995 ఏప్రిల్ 23న, 77 ఏళ్ల వయసులో న్యూయార్క్‌లో చనిపోయాడు. అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ 2010లో గాని ఆయన్ని చేర్చుకోలేదు.

సరే, నేను చాలాసేపు మాట్లాడాను. వెనక ఉన్న తమ్ముడూ, లైట్లు తీసెయ్యి. కింగ్‌స్టన్ క్లిప్ వేద్దాం. రెండు నిమిషాలే. మొదటిసారి బొమ్మ చూడొద్దు, కళ్లు మూసుకుని గొంతు మాత్రం వినండి. ఫ్రేజియర్ ఎప్పుడు పడ్డాడో మీకే తెలుస్తుంది. రెండోసారి బొమ్మతో చూద్దాం. తర్వాత మీ ప్రశ్నలు. అడిగేముందు మీ పేరు కాస్త గట్టిగా, పూర్తిగా చెప్పండి.